ఇరవై ఇచ్చి లేవలేమా?

ఉగాదికి సోమందేపల్లి వెళ్తే పేకాట తప్పదు. మొన్న నా పదమూడు ముక్కల్లో ఒక్క జోకరూ లేదు, ఒరిజినల్ సీక్వెన్సుకు దారీ లేదు. డ్రాప్ అన్నాను. "ఏమిరా అల్లుడా, ఇరవైకే బయపడితివా?" అని మామ నవ్వినాడు.

భయం కాదు, లెక్క. 101 పూల్‌లో ముక్క తీయకముందే దిగితే 20, తీశాక దిగితే 40, ఒరిజినల్ లేకుండా దొరికిపోతే 80 దాకా. చెత్త ముక్కలతో ఓడినప్పుడల్లా సగటున 60 పోతుందనుకోండి (నా అంచనాయే). డ్రాప్‌కంటే ఎక్కువ నష్టపోకూడదంటే మూడాటల్లో రెండు గెలవాలి. ఆరుగురు కూర్చున్న చోట... అదీ ఆ ముక్కలతో!

"ఒక్క ముక్క చూసి దిగుదాంలే" అనేదే అసలు ఉచ్చు. ఆ చూపు ధర ఇంకో 20. పొరపాటున అది పనికొచ్చిందా, ఇక లేవబుద్ధి కాదు.

1967లో సికిందరాబాదు క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అంది. పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి అని. నన్నడిగితే మొత్తం పదమూడూ పారేయడం కూడా ఆ నైపుణ్యమే. మామకు ఆ తీర్పంటే మహా ఇష్టం, నా ఈ వ్యాఖ్యానం మాత్రం నచ్చదు.

ఆ రోజు రెండు ఫుల్ కౌంట్లకే మామ 101 దాటినాడు. హిందూపురంలో పట్టుగూళ్లు అమ్మిన డబ్బు తీసి రీఎంట్రీ కట్టినాడు. అత్త చూస్తూనే ఉంది, ఏమీ అనలేదు. నేనూ గెలవలేదు లెండి.