తప్పిన కోత

చిన్న కొయ్యపెట్టెను చేయుట మిక్కిలి తేలికయని చూచువారికి తోచును. ప్రక్కలకు నాలుగు పలకలు, అడుగునకు ఒకటి, మూతకు ఒకటి. మొత్తము ఆరు పలకలే గదా! కాని పలకను బల్లపై నుంచి రంపము చేతబట్టినవానికి అయిదు నిమిషములలో అసలు సంగతి తెలిసివచ్చును. గీత యొకచోట నుండును. కోత వేరొకచోట పడును.

నేను 35 ఏండ్లు ఉపాధ్యాయుడనుగా నుండి, తుదకు ప్రధానోపాధ్యాయుడనై విరమించితిని. ఆ కాలములో పిల్లల పుస్తకములపై ఎఱ్ఱసిరాతో నేను కొట్టిన గీతలకు లెక్కలేదు. తప్పును చూపుటలో నాకుండిన ఉత్సాహము దానిని దిద్దించుటలో ఉండెడిదా యని ఇప్పుడు తీరికగా ఆలోచించుకొనుచున్నాను. ఆ ఆలోచనవలన కలిగిన యొక అభిప్రాయమును మీతో చెప్పదలచితిని. ఎనిమిదవ తరగతి దాటులోపల ప్రతి బాలుడును, ప్రతి బాలికయు తన చేతులతో ఒక కొయ్యపెట్టెను చేసి తీరవలెను. చేయునపుడు తప్పులు వచ్చును. వానిని ఆ పెట్టెలోనే దిద్దవలెను.

పెట్టెయే యేల యని మీరడుగవచ్చును. బొమ్మ గీయునపుడు తప్పు వచ్చినచో రబ్బరుతో చెరిపివేయుదుము. వ్యాసము చెడినచో కాగితము చించి మఱియొకటి తీసికొందుము. కోసిన కొయ్య మరల పెరుగదు. మట్టిబొమ్మకు ముక్కు కొంచెము వంకరపోయినను, ఆ వంకరలోనే యొక అందమున్నదని సమర్థించుకొనవచ్చును. పెట్టె విషయమున ఆ మాట చెల్లదు. మూత పడవలెను, లేదా పడదు. గురువు నోరు విప్పకమునుపే పెట్టె తన లోపమును తానే చెప్పును.

పెన్సిళ్ళు పెట్టుకొనుటకు ఒక పెట్టెను చేయబూనితి మనుకొనుడు. పొడవు 20 సెంటీమీటర్లు, వెడల్పు 10, ఎత్తు 6. పలక మందము ఒక సెంటీమీటరు. పాత తలుపు ముక్కయైన టేకు గాని, వేప గాని, మామిడి గాని చాలును. పలకపై గీత గీచి, సరిగా ఆ గీతమీదనే రంపము నడిపితిరి. ముక్క ఊడివచ్చినది. కొలిచి చూచినచో ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువ! రంపము నడచిన దారిలో కొయ్య పొట్టుగా రాలిపోవునని మీకు తోచలేదు. గీతను నిలిపి, దానికి వెలుపలి ప్రక్కను కోయవలసినది. మొదటిసారి ఈ తప్పు చేయనివానిని నేను చూడలేదు.

ఇప్పుడేమి చేయవలెను? కొత్త పలక కొఱకు పరుగెత్తనక్కఱలేదు. ఎదురెదురుగా నిలుచు పలకలు రెండును ఒకదానికొకటి సమానముగా నుండుట ముఖ్యము. కాగితముమీద వ్రాసికొన్న కొలతతో సమానముగా నుండుట అంత ముఖ్యము కాదు. కావున రెండవ పలకను గూడ అంతే తగ్గింపుడు. పెట్టె రెండు మిల్లీమీటర్లు పొట్టిదగును. అయితే కోయుటకు ముందు, మీ పెన్సిలు ఆ తగ్గిన పెట్టెలో పట్టునో లేదో చూచుకొనుడు. పట్టినచో ఆ తప్పువలన కలిగిన నష్టమేమియు లేదు. పట్టనిచో అడ్డముగా పడుకొనబెట్టి చూడుడు. ఐమూలగా నున్న దూరము ప్రక్క పొడవుకంటె ఎక్కువయని జ్యామితిలో చదివియే యుందురు.

ఆ ఐమూలతోనే మఱియొక పని కలదు. నాలుగు ప్రక్కలను వజ్రముతో గాని, నేడు అంగళ్ళలో దొరకు తెల్లబంకతో గాని అతికిన పిమ్మట, మూలలు నిటారుగా వచ్చినవో లేదో ఒక దారముతో కనుగొనవచ్చును. ఒక మూలనుండి ఎదుటి మూలకు కొలువుడు. తక్కిన రెండు మూలల నడుమను కొలువుడు. రెండు కొలతలును సమానమైనచో పెట్టె నిలువుగా నున్నట్లు. కానిచో ఏది పొడవుగా నున్నదో ఆ మూలలను రెండు అరచేతుల నడుమ మెల్లగా నొక్కవలెను. పెట్టె కదలి సరిపడును. బంక తడిగా నున్న కొద్ది నిమిషములలోనే ఈ పని జరుగవలెను. ఆఱిన తరువాత నొక్కినచో అతుకు పగులును. పరీక్ష ముగిసిన మూడువారములకు పిల్లవాని తప్పును వానికి చూపెడి మా అలవాటు ఈ సందర్భమున నాకు తఱచు గుర్తుకు వచ్చుచుండును.

పనిలో సుత్తి జారి పలకకు సొట్ట పడుట యింకొకటి. పిల్లలు దీనిని చూచి గుండె జారవిడుతురు. నిజమునకు ఇది అన్నిటికంటె తేలికగా మానెడి గాయము. కొయ్యలోని నారలు తెగలేదు, నొక్కుకొనిపోయినవి, అంతే. సొట్టపై తడిగుడ్డ పఱచి, వేడియైన ఇస్త్రీపెట్టెను క్షణకాలము ఆనించినచో, ఆవిరి లోనికి పోయి నారలు ఉబ్బి పైకి లేచును. ఆఱిన పిమ్మట ఉప్పుకాగితముతో రుద్దినచో గుర్తు గూడ మిగులదు. ఉలి తగిలి నార తెగినచో మాత్రము ఈ వైద్యము పనిచేయదు. మేకు కొట్టునపుడు పలక అంచు చీలుటకు గూడ ముందే మందు కలదు. మేకు మొనను సుత్తితో ఒక దెబ్బ కొట్టి మొద్దుచేయవలెను. వాడి మొన నారలను ఇరుప్రక్కలకు త్రోసి చీల్చును. మొద్దు మొన వానిని నలుపుకొనుచు దిగును. వినుటకు విపరీతముగా నున్నను, చేసి చూడుడు.

మూత సంగతి చెప్పవలెను. పెట్టెను వేరుగను, మూతను వేరుగను చేసి రెంటిని సరిపఱుప బోయి నేను ఎన్నియో పలకలు పాడుచేసితిని. మా ఊరి వడ్రంగి యొకాయన నా అవస్థ చూచి నవ్వి, ఆరు పలకలను అతికి మూసిన పెట్టెగా చేయుమనియు, పిమ్మట పైభాగమును చుట్టును రంపముతో కోసి వేరుచేయుమనియు చెప్పెను. ఒకే పెట్టెనుండి తెగిన రెండు ముక్కలు గనుక మూత సరిపోక యేమగును? ఆయన చదివినది నాలుగవ తరగతి. ఆయన చెప్పినట్లే చేసితిని గాని, కోత పడు చోట నేను ముందే యొక మేకు దిగగొట్టి యుంటిని. రంపపు పండ్లు రెండు విఱిగినవి. ఈ మాట ఆయన చెప్పలేదేమని అడిగినచో, "అది గూడ చెప్పవలెనా బాబూ?" అనెను.

ఇంతవఱకు చెప్పినవి సులువైన తప్పులు. తప్పును దిద్దుట వేఱు, కప్పుట వేఱు. ఈ భేదము నాకు తెలియుటకు కొంత సిగ్గుపడవలసి వచ్చినది. 1973వ సంవత్సరమున నేను ఎనిమిదవ తరగతిలో నుంటిని. బడిలో చేతిపని గంట యుండెడిది. నేను చేసిన పెట్టెకు ఒక మూల ఎడము వచ్చెను. ఆ ఎడములో మైనమును రంపపుపొట్టును కలిపి కూరి, పైన చిక్కగా రంగు పూసితిని. అయ్యవారు చూచి మెచ్చుకొనిరి. మా అమ్మ దానిని దేవుని గూటిలో పెట్టి, చిల్లర నాణెములు దాచుకొనెను. ఎండలు ముదిరి రోహిణికార్తె వచ్చునప్పటికి మైనము మెత్తబడి మూల విచ్చిపోయినది. నాణెములు గూటినుండి నేలపై దొరలినవి. అమ్మ నన్నేమియు ననలేదు. ఒక తాడు తెచ్చి పెట్టెకు చుట్టి మరల గూటిలో పెట్టెను. ఆ తాడు నా కంటికి కనబడినన్ని యేండ్లు నాకు నెమ్మది లేకపోయెను.

ఆ ఎడమును దిద్దెడి పద్ధతి యెంతో సామాన్యము. అదే కొయ్యనుండి పలుచని చీలికను తీసి, నారల బారు కలియునట్లు ఎడములో బంకతో దిగగొట్టి, ఆఱిన పిమ్మట చిత్రిక పట్టవలెను. అతుకు కనబడును. కనబడినను బరువు మోయును. కొండపల్లి బొమ్మలవారు తేలికయైన పొణికికొయ్యతో కాళ్ళు, చేతులు వేఱువేఱుగా చెక్కి, చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అతుకుదురు. వారి పొట్టు, నా పొట్టు ఒకటియే. వారి మక్కు బొమ్మను నిలుపును; నా మైనము చూచువారి కన్నులను నిలిపినది. తరిమెన పట్టువారి సంగతి ఇంకను కఠినము. వరాహనది యొడ్డున ఏటికొప్పాకలో అంకుడుకొయ్యతో గుండ్రని భరిణెలు చేయుదురు. తిరుగుచున్న కొయ్యలో ఉలి ఒకచోట లోతుగా దిగినచో అక్కడ అతుకు పెట్టుటకు వీలులేదు. చుట్టును అంత లోతు తీసివేయవలెను. భరిణె సన్నబడును.

చేతిపనిని చదువులో చేర్చవలెనను తలంపు కొత్తది కాదు. ఫిన్లాండు దేశమున ఊనో సిగ్నేయుస్ అను విద్యావేత్త కృషివలన 1866లోనే ప్రజాపాఠశాలలలో చేతిపని పాఠ్యాంశమైనది. స్వీడనులోని నేస్ అనుచోట ఆటో సాలమన్ అను నాతడు కొయ్యపని నేర్పుటలో ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. మన దేశమున గాంధీజీ 1937లో వార్ధాయందు జరిగిన సభలో వృత్తి మూలముగా విద్య గఱపుమని బోధించిరి. ఇన్ని చెప్పుకొన్నను, నా ఉద్యోగకాలములో చేతిపని గంటలోనే లెక్కలు చెప్పించినవాడను నేను. 2020నాటి జాతీయ విద్యావిధానము ఆఱవ తరగతినుండి ఎనిమిదవ తరగతి లోపల పది దినములు పుస్తకసంచి లేకుండ, వడ్రంగులు, కుమ్మరులు మొదలగువారి యొద్ద పిల్లలు పని నేర్చుకొనవలెనని చెప్పినది. ఆ పది దినములను పది పనులు చూచి వచ్చుటకు వెచ్చింపరాదని నా మనవి. చూచినవానికి తప్పు రాదు. పది దినములును ఒకే పెట్టెకు ఇండు. అయిదు దినములు చేయుటకు, అయిదు దినములు దిద్దుటకు.

దీనికి అడ్డు చెప్పువారు లేకపోలేదు. రంపము, ఉలి ప్రమాదములని కొందఱందురు. ఉలి నడుచు దిక్కున చేయి పెట్టకుండుట మొదటి పాఠము. మొద్దు ఉలికంటె పదునైన ఉలియే మేలనుట రెండవ పాఠము, ఏలయన మొద్దు ఉలిని బలముగా త్రోయవలసివచ్చి చేయి జారును. అంగడిలో ప్లాస్టిక్ పెట్టె చవుకగా దొరకుచుండగా ఈ శ్రమ యెందుకని మఱికొందఱందురు. వారికి నేను జవాబు చెప్పను. పెట్టె కావలసినచో అంగడికే పోవచ్చును. నన్ను నిజముగా బాధపెట్టిన మాట వేఱొకటి. ఒక తండ్రి నా గదికి వచ్చి, "మా వానిని వడ్రంగిని చేయుదురా?" యని కోపముతో అడిగెను. ఆయన కూర్చున్న కుర్చీ, నా యెదుటి బల్ల, ఆయన తోసికొని వచ్చిన తలుపు ఎవరు చేసినవి? చేతిపని యొక కులమువారిదనియు, చదువు వేఱొకరిదనియు తలచు ఈ చిన్నచూపు ఉన్నంతకాలము మన బడులలో రంపము బీరువాలోనే తుప్పు పట్టును.

నేను మాత్రము ఎక్కువ చూపు గలవాడనా? పదవిలో నుండగా ఒకసారి మా బడిలో ప్రదర్శన జరిగినది. బల్లమీద రెండు పెట్టెలుండెను. ఒకటి నునుపుగా, వార్నీషుతో మెఱయుచుండెను. రెండవది వేపకొయ్యది, ఒక మూల పాలిపోయిన రంగుగల చీలిక కనబడుచుండెను. మొదటిదానికి బహుమతి నిచ్చితిని. రెండవదానిని చేసిన ఎనిమిదవ తరగతి బాలిక నా యొద్దకు వచ్చి, "మాస్టారూ, నా పెట్టెలో తప్పేమి?" అని అడిగెను. నేను ఆ చీలికను చూపితిని.

"అక్కడ తప్పు ఉండెడిదండీ. ఇప్పుడు లేదు. లాగి చూడండి," అనెను.

లాగితిని. కదలలేదు. ఫలితములు ప్రకటించితిమి గదా యని ఊరకుంటిని. కొన్ని దినములకు ఊరిలోని వడ్రంగి యొకడు, బహుమతి పొందిన పెట్టె తాను కూలికి చేసినదని మాటవరుసకు నాతో చెప్పెను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మఱునాడు ప్రార్థనవేళ పిల్లలందఱి యెదుట ఆ సంగతి చెప్పి, బాలికను పిలిచి, ఆ పెట్టెను నా గదిలో అందఱికి కనబడునట్లు ఉంచుటకు ఇమ్మని అడిగితిని. ఆమె కొంచెము తటపటాయించెను.

"ఇచ్చుటకు వీలులేదండీ," అనెను. "మా అమ్మ అందులో పోపుగింజలు పోసికొన్నది."