పొయ్యి కాడ మనం, పుస్తకం కాడ వాళ్ళా?

“మీవాళ్ళకి మెకానికల్ ఎందుకయ్యా? అందులో థర్మోడైనమిక్స్ ఉంటాది, తలకెక్కదు. తేలికది ఏదైనా చదివించుకోండి.”

ఈ మాట మనకి కొత్త కాదు. ఇంజనీరింగ్ కౌన్సిలింగ్ రోజులొచ్చాయంటే పలాసలో, టెక్కలిలో, ఉద్దానం ఊళ్ళలో మన పేటలకి ఈ సలహా ఉచితంగా వస్తుంది. చెప్పేవాడు కోపంగా చెప్పడు, నవ్వుతూ చెప్తాడు. అందుకే మరీ ప్రమాదం. తిట్టిన వాడిని తిరిగి తిట్టొచ్చు. జాలి చూపిస్తూ తలుపు మూసేవాడిని ఏం చెయ్యాలి?

లెక్క అడగాలి. ఈ పేజీలో నేను చేసేది అదే. నేను బడిపంతుల్ని, మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే. మనవాళ్ళ తలకెక్కదని వాళ్ళంటున్న ఆ చదువు అసలేమిటో ముందు చూద్దాం.

అప్లైడ్ థర్మోడైనమిక్స్ అంటే వేడి చేత పని చేయించుకునే శాస్త్రం. తెలుగు పుస్తకాల్లో ఉష్ణగతిక శాస్త్రం అంటారు. బాయిలరు, టర్బైను, కండెన్సరు, డీజిలింజను, ఫ్రిజ్జు, అన్నీ ఇందులోవే. దీని మొదటి సూత్రం షావుకారు పద్దు లాంటిది: లోపలికి వచ్చిన వేడి ఎంతో, చేసిన పని, బయటికి పోయింది, లోపల మిగిలింది కలిపితే అంతే ఉండాలి. ఎక్కడా మాయం కాదు. షావుకారు పద్దులో మాయమవుతుంది గానీ ప్రకృతి పద్దులో కాదు. రెండో సూత్రం: వేడి దానంతటది వేడిచోటు నుంచి చల్లటిచోటుకే పోతుంది. మధ్యలో దాని చేత పని చేయించుకోవచ్చు, కానీ మొత్తం వేడిని పనిగా మార్చడం ఎవడి తరమూ కాదు. కొంత వదిలెయ్యక తప్పదు. ఈ రెండూ అర్థమైతే మిగతాదంతా లెక్కలే.

ఇప్పుడు చెప్పండి, ఇది మనవాళ్ళకి తెలీని సంగతా?

పలాస కాశీబుగ్గ వెళ్ళండి. జీడిపిక్కలు ఆవిరిలో ఉడికిస్తారు. కొట్టేసిన పిక్కల తొక్కనే పొయ్యిలో వేసి మళ్ళీ బాయిలరు మండిస్తారు. ఆ తొక్కలో నూనె ఉంటుంది, బాగా మండుతుంది. అదే నూనె పిక్క కొట్టే ఆడవాళ్ళ వేళ్ళు తినేస్తుంది. పొయ్యిలోకి తొక్క ఎగదోసే వాళ్ళెవరు? ఉడికిన పిక్కలు దించేవాళ్ళెవరు? మూత తీసినప్పుడు ఎగిసే ఆవిరికి మొహం తిప్పుకునే ఒడుపు ఎవరికి తెలుసు?

మరిగే నీళ్ళు పడితే కాల్తుంది, ఆవిరి తగిలితే ఇంకా ఎక్కువ కాల్తుంది. ఈ సంగతి మా వీధి అక్కలందరికీ తెలుసు. ఎందుకో పుస్తకంలో ఉంది. ఒక కేజీ నీటిని 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకి తేవడానికి 293 కిలోజౌళ్ళ వేడి చాలు. అదే 100 డిగ్రీల నీటిని 100 డిగ్రీల ఆవిరి చెయ్యడానికి 2,257 కిలోజౌళ్ళు కావాలి. అంటే దాదాపు ఎనిమిది రెట్లు. ఆ ఆవిరి చేతి మీద పడి నీరుగా మారినప్పుడు, దాచుకున్న ఆ వేడంతా చర్మంలో కుమ్మరిస్తుంది. ఇంజనీరింగ్ పిల్లలు పరీక్ష హాల్లోకి పట్టుకెళ్ళే స్టీమ్ టేబుల్సులో ఈ అంకె ఉంటుంది. మన అక్కల చేతుల మీద దాని మచ్చ ఉంటుంది.

చెమటకీ ఇదే లెక్క. లీటరు చెమట ఆరితే ఒంట్లోంచి సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడి పోతుంది. మన కోస్తా ఉక్కపోతలో చెమట కారుతుందే గాని ఆరదు. వేడి లోపలే ఉండిపోతుంది, నీరు మాత్రం బయటికి పోతుంది. ఉద్దానం కిడ్నీ జబ్బుకి అసలు కారణమేదో ఇంకా తేలలేదు. శాస్త్రవేత్తలు అనుమానిస్తున్న వాటిలో వేడిలో చాకిరీ, ఒంట్లో నీరు ఇంకిపోవడం కూడా ఉన్నాయి. మన ఒళ్ళు కూడా ఒక బాయిలరే. దానికి లెక్క కట్టేవాడే లేడు.

ఇక ఈ శాస్త్రం ఎవరి ఇంట పుట్టిందో చూడండి. ఏ రుషీ తపస్సు చేసి తేలేదు. 1712లో ఇంగ్లండులో గనుల్లో నీళ్ళు తోడే ఆవిరింజను పెట్టిన న్యూకొమెన్ ఇనప సామాన్ల వ్యాపారి. దాన్ని బాగుచేసి 1769లో పేటెంటు తీసుకున్న జేమ్స్ వాట్ పరికరాలు రిపేరు చేసేవాడు. గ్లాస్గో ఊళ్ళో వాట్ కొట్టు పెట్టుకుంటానంటే, మా సంఘం పద్ధతి ప్రకారం శిష్యరికం చెయ్యలేదని అక్కడి చేతిపనివాళ్ళ సంఘం అడ్డం పడింది. యూనివర్సిటీ ఒక గదిచ్చింది కాబట్టి బతికిపోయాడు. ఇంజన్లు వంద సంవత్సరాలకి పైగా తిరిగాక, 1824లో కార్నో అనే ఫ్రెంచి యువకుడు వేడి నుంచి గరిష్ఠంగా ఎంత పని రాబట్టొచ్చో సూత్రం చెప్పాడు. వేడీ పనీ ఒకే శక్తికి రెండు రూపాలని కొలిచి చూపించిన జౌల్ బీరు కాచే కంపెనీ యజమాని కొడుకు. ముందు చెయ్యి నేర్చింది, తర్వాత పుస్తకం నేర్చింది.

మన దేశంలో ఏం జరిగింది? చేతికి పుస్తకం ఇవ్వలేదు, పుస్తకానికి చెయ్యి లేదు. నౌపడా నుంచి పర్లాకిమిడికి రాజావారి చిన్నరైలు 1900లో మొదలైంది. తొంభై ఏళ్ళు ఆవిరింజన్లే లాగాయి. రాజావారి పేరు చరిత్రలో ఉంది. పారతో బొగ్గేసిన ఫైర్‌మన్ పేరు ఎక్కడుంది? ఎంత బొగ్గేస్తే ఎంత ఎత్తు ఎక్కుతుందో అతనికి తెలుసు. ఆ తెలివి అతని చేతిలోనే పుట్టి, అతనితోనే పోయింది. దాన్ని తెలివి అనకుండా చాకిరీ అన్నారు. అదీ కులం చేసిన పని.

ఇప్పుడు కాలేజీలోకి వద్దాం. ఆ మధ్య మా పేటలో ఒక తల్లి అడిగింది: “మేష్టారూ, మా గుంటడికి తెర్మో పోయిందట. అదేటి, వొంట్లోదా?” నవ్వొచ్చే మాటే, కానీ నేను నవ్వలేదు. ఆ గుంటడి తల్లి జీడి బాయిలరు కాడ పనిచేస్తుంది. సెలవల్లో వాడూ తొక్క ఎగదోసినవాడే. వాడిని కూర్చోబెట్టి అడిగాను, ఎంథాల్పీ అంటే ఏటిరా అని. ఇంగ్లీషులో నాలుగు లైన్లు గడగడా అప్పజెప్పాడు. మీ అమ్మ బాయిలరుకి దానికీ సంబంధమేటి అంటే తెల్లమొహం వేశాడు. “సారు ఎప్పుడూ సెప్పనేదండి” అన్నాడు. బాయిలరు పక్కన పెరిగిన పిల్లాడికి బాయిలరు పాఠం అర్థం కాకుండా చెప్పగలిగారంటే, ఆ చెప్పడంలోనే లోపముంది. తప్పినవాడు పిల్లాడా, పాఠమా?

ఒక్క సబ్జెక్టు పోతుంది. దాని మీద రెండోది, మూడోది. బ్యాక్‌లాగులు పోగుపడితే పై ఏడాదికి పంపరు. సిగ్గుపడి ఊరొదిలేసి హైదరాబాదో చెన్నయో కూలికి పోతాడు. ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చి కాలేజీ గేటు తెరుచుకుంది నిజమే. గేటు తెరిస్తే సరిపోదు, లోపల పాఠం కూడా తెరవాలి. అది తెరవకుండా ఉంచి, వీళ్ళకి మెరిట్ లేదంటారు. ఇంట్లో చదువుకున్న మూడు తరాలు, కోచింగు, ఇంగ్లీషు, అన్నీ కలిపి దానికి మెరిట్ అని పేరు పెట్టుకున్నారు. వేడి కూడా దానంతటది పైనుంచి కిందికి దిగుతుంది గాని ఈ దేశంలో చదువు దిగదు. లాగాలి.

ఇక్కడ ఒక మోసం ఉంది, జాగ్రత్త. “ఇంగ్లీషే అసలు సమస్య, మీరు తెలుగులో చదువుకోండి” అంటారు కొందరు, తమ పిల్లల్ని కాన్వెంటుకి పంపుతూ. ఇంగ్లీషు వద్దని చెప్పేవాడు మన మంచి కోరేవాడు కాదు. మనకి ఇంగ్లీషూ కావాలి, తెలుగులో అర్థమూ కావాలి. పరీక్ష ఇంగ్లీషులో రాద్దాం, సంగతి తెలుగులో పట్టుకుందాం. ఇంజనీరింగ్ తెలుగులో కూడా చెప్పొచ్చని ఏఐసీటీఈ 2021లోనే ఒప్పుకుంది. పూర్తి కోర్సు ఎలా ఉన్నా, క్లాసులో పది నిమిషాలు తెలుగులో విడమరిచి చెప్పడానికి ఎవరి అనుమతి కావాలి?

రెండో మోసం మనవాళ్ళ నుంచే వస్తుంది. “మెకానికల్ దండగ, కంప్యూటరు చదివితే ప్యాకేజీ వస్తాది.” రావాలి, ఆ ఉద్యోగాలూ మనకి రావాలి. కానీ మన పిల్లలందరూ బెంగుళూరులో కంప్యూటరు ముందు కూర్చుంటే, మన ఊరి మీదకి వచ్చే పొగగొట్టం లెక్క ఎవరు చూస్తారు?

ఆ లెక్క ప్రాణాల లెక్క. సోంపేట బీల భూముల్లో 2,640 మెగావాట్ల థర్మల్ ప్లాంటు తెస్తామన్నారు. 2010 జూలై 14న అడ్డుపడ్డ జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. మనుషులు పోయారు. ప్లాంటుకిచ్చిన పర్యావరణ అనుమతి అదే నెలలో రద్దయింది. టెక్కలి పక్కన సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి తంపరలో మళ్ళీ అంతే పెద్ద ప్లాంటు. 2011 ఫిబ్రవరి 28న మళ్ళీ కాల్పులు, మళ్ళీ శవాలు. ఆ రైతులు, ఆ మత్స్యకారులు, ఆ కూలీలు అడిగింది ఒక్కటే: మా నీళ్ళు, మా చేపలు ఏమైపోవాలి? అభివృద్ధి తెలీని మూర్ఖులన్నారు వాళ్ళని.

థర్మోడైనమిక్స్ ఏమంటుందో చూడండి. ఆవిరి 540 డిగ్రీలు, చల్లార్చే చోటు 40 డిగ్రీలు అనుకుంటే, కార్నో సూత్రం ప్రకారం గరిష్ఠంగా నూటికి 61 వంతులే పనిగా మారగలదు. అది కాగితం మీద. నిజం ప్లాంటులో మంచిదైతే 40 వంతులు. అంటే 2,640 మెగావాట్ల కరెంటు రావాలంటే 6,600 మెగావాట్ల వేడి పుట్టించాలి. మిగతా 3,960 ఎక్కడికి పోతుంది? కొంత పొగగొట్టంలోంచి ఆకాశంలోకి. 3,000కి పైగా కండెన్సరు నీళ్ళలోకి. ఆ 3,000 మెగావాట్లని నీటిని ఆవిరి చేసి వదిలించుకోవాలంటే, సెకనుకి సుమారు 1,250 లీటర్ల నీరు కావాలి. మన వీధిలోకి వచ్చే 5,000 లీటర్ల నీళ్ళ ట్యాంకరు నాలుగు సెకన్లకి ఒకటి చొప్పున, రాత్రీ పగలూ. సముద్రపు నీళ్ళు తెస్తామంటారా? అయితే ఆ వేడీ ఉప్పూ ఏ మొగలో వదుల్తారు, అక్కడ వల వేసేవాడు ఏం తినాలి?

కరెంటు తీగల్లో ఊరు దాటి పోతుంది. వేడి మాత్రం మన తంపరలో ఉండిపోతుంది. మూర్ఖులన్నారే, వాళ్ళడిగిన ప్రశ్నే రెండో సూత్రం.

కొవ్వాడ అణువిద్యుత్తు ప్రతిపాదనకీ ఇదే లెక్క. అణువు పగిలినా బొగ్గు కాలినా టర్బైను తిప్పేది ఆవిరే. మూలపేటలో 2023లో పోర్టుకి శంకుస్థాపన చేశారు. పోర్టు వెనక ఏ పొగగొట్టాలు వస్తాయో చూడాలి. 2006 నోటిఫికేషను ప్రకారం ఇలాంటి ప్లాంట్లకి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాలి. టెంటు వేస్తారు, తెలుగులో సారాంశం కొన్ని పేజీలు పంచుతారు. అసలు రిపోర్టు లావుపాటి ఇంగ్లీషు పుస్తకం. దాన్ని తిప్పి ఫలానా పేజీలో మీ వేడి లెక్క తప్పు అని నిలబడి చెప్పగలిగే మన పిల్ల ఒక్కతి ఆ టెంటులో ఉంటే? తుపాకీ దాకా పోకముందే సగం మాట అక్కడే తేలుతుంది.

బాబాసాహెబ్‌కి ఈ సంగతి తెలుసు. ఆయన 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరు. దేశానికి కరెంటు విధానం తయారైంది ఆయన శాఖలోనే. 1942లో వైస్రాయికి ఇచ్చిన వినతిపత్రంలో మన పిల్లలకి సైన్సు, సాంకేతిక చదువుల కోసం స్కాలర్‌షిప్పులు అడిగారు. గుమాస్తా చదువుతో ఆగిపొమ్మనలేదు.

కాబట్టి చెయ్యాల్సినవి చెప్పుకుందాం.

ఒకటి. ఇంటర్, పాలిటెక్నిక్ పూర్తయిన పిల్లలకి ఏ బ్రాంచి కావాలో పేటలో కూర్చుని మనమే మాట్లాడాలి. ఉచిత సలహాదారుణ్ణి బయటే ఉంచాలి.

రెండు. మనలో మెకానికల్ చదివిన అన్నలు, అక్కలు ఆదివారం రెండు గంటలివ్వాలి. మొదటి పాఠం బోర్డు మీద కాదు, జీడి బాయిలరు కాడ. ఒత్తిడి గాలి ఒత్తిడికి అయిదు రెట్లయితే నీరు 100 డిగ్రీల దగ్గర కాక 152 దగ్గర మరుగుతుందని గేజి చూపించి చెప్తే ఏ గుంటడు మర్చిపోతాడు?

మూడు. బాయిలరు కాడ పనిచేసే మనవాళ్ళు అటెండెంటు సర్టిఫికెట్టు పరీక్ష రాయాలి. 1923 నాటి బాయిలర్ల చట్టం పోయి 2025లో కొత్త చట్టం వచ్చింది. సేఫ్టీ వాల్వు పనిచేస్తోందా అని అడిగే హక్కు, పక్కన నిలబడేవాడిదే మొదట.

నాలుగు. కాలేజీల్లో వెనకబడ్డ సబ్జెక్టులకి సాయంత్రం క్లాసులు పెట్టమని రాతపూర్వకంగా అడగాలి. ఒక్కడు అడిగితే సిగ్గు, ఇరవై మంది అడిగితే డిమాండు.

అయిదు. ఏ ప్లాంటు వచ్చినా ప్రజాభిప్రాయ సేకరణలో మన మొదటి ప్రశ్న ఇదే కావాలి: ఎంత వేడి పుడుతుంది, ఎంత కరెంటవుతుంది, మిగిలింది ఎవరి మీద పోస్తారు? తెలుగులో, ఒక్క పేజీలో.

మన పిల్లలకి థర్మోడైనమిక్స్ తలకెక్కదన్న వాళ్ళకి జవాబు మార్కుల లిస్టులో చెప్దాం, టెంటులో మైకు ముందు కూడా చెప్దాం. మంట మనం వేశాం. లెక్క కూడా మనమే రాస్తాం.

జై భీమ్!