పేప్రే ఊదే తమ్ముడికి దారేది?

బసూన్ పేరు మనలో చాలామంది విని ఉండరు. నాలుగడుగులు దాటిన యూరప్ చెక్క వాయిద్యం. సన్నాయిలాగే జంట రీడ్‌తో పలుకుతుంది. నేర్చుకునే పిల్లలు గురువు దగ్గర ఏళ్ల తరబడి సాధన చేస్తారు, రీడ్‌లు సొంతంగా చెక్కుకుంటారు. 1952 నుంచి మ్యూనిక్‌లో జరుగుతున్న ఏఆర్‌డీ పోటీలో బసూన్‌కూ వంతు వస్తుంది. గెలిస్తే ఆర్కెస్ట్రాల చూపు పడుతుంది. అందరికీ ఉద్యోగం రాదు, కానీ దారంటూ ఉంది.

మరి సన్నాయి జాతిదే అయిన మన పేప్రేకి? ప్రధాన్, తోటి తాతలు నేర్పితేనే విద్య. 2021లో గుస్సాడీ కనకరాజు గారికి పద్మశ్రీ వస్తే అందరం గర్వపడ్డాం. కానీ ఆ గౌరవం ముసలితనంలో వచ్చింది. ఇరవై ఏళ్ల కుర్రాడికి ఇప్పుడే చేయూత కావాలి.

దేవుడి ముందు ఊదేదానికి మార్కులేంటని పెద్దలు అడగొచ్చు. న్యాయమే. పూజలో ఊదేవి పోటీకి పెట్టొద్దు, ఊదే నేర్పుకే పెడదాం. జడ్జీలుగా మన పెద్దలే కూర్చోవాలి.

మేం అడిగేది శాలువాలు కాదు. గురుకులాల్లో పేప్రే పెద్దలకు జీతమిచ్చి గురువులుగా పెట్టండి. ఏటా పోటీ జరిపి, గెలిచినవాళ్లకు స్కాలర్‌షిప్ ఇవ్వండి. తాతలు ఉండగానే ఇది జరగాలి.