ఓడ మీదనా, నేల మీదనా?



మా వదినెగారికి ఈ యేట అరువదియేండ్లు నిండినవి. దూరదేశమున కొలువు చేయుచున్న కుమారుడు ఫోనులో, "అమ్మా, నిన్ను నాలుగు దినములైనను వంటింటినుండి తప్పించవలెనని నా కోరిక. నాన్నతో కూడ ఓడలో విహారమునకు పొమ్ము, సొమ్ము నేను కట్టెదను" అన్నాడట. వదినెగారు ఆ మాట మోసికొని మా యింటికి వచ్చి, "బిడ్డ ప్రేమను కాదనలేను, ఓడ యెక్క మనసు రాదు. ఏమి చేయుదును మరదలా?" అని యడిగిరి. ఈ చిక్కు ఆమె యొక్కరిదే కాదని తలచి, నేను చెప్పినదానిని ఇచట వ్రాయుచున్నాను.

ఓడను నేను నిందింపను. 2022 జూన్ నెలలో ఎంప్రెస్ అను విహారనౌక విశాఖపట్టణమునకు వచ్చి, అచటినుండి పుదుచ్చేరి, చెన్నపట్టణముల దిక్కునకు జనులను కొనిపోయినది. అట్టి నౌకలో వేయిమందికి పైగా పట్టుదురు. పెట్టె ఒక్కసారి విప్పిన చాలును. వండిన భోజనము, మెట్లెక్కలేనివారికి లిఫ్టు, జబ్బు చేసిన వైద్యుడు అందే యుందురు. నడువలేని వృద్ధులకు అది మేలే. అయితే ఓడలో మనము చూచునది ఎక్కువగా ఓడనే. రేవున దిగినపుడు కొన్ని గంటలలో ఊరు చుట్టి మరల ఎక్కవలెను.

నేలపై పోయినంతమాత్రమున ఈ లోపము తీరదు. కొన్ని యేండ్ల క్రిందట మేము నలువదిమందిమి ఒక పెద్ద బస్సులో నల్లగొండ చెంతనున్న పానగల్లు గుళ్ళు చూడబోతిమి. ఛాయాసోమేశ్వరుని గుడికి ఇరువది నిమిషములు! ఒక ముసలమ్మ చెప్పులు తొడుగుచుండగనే బస్సు హారను మ్రోగినది. మరుగుదొడ్డి యెక్కడనని అడుగ సిగ్గుపడి ఆమె ఉదయమునుండి మంచినీళ్ళే ముట్టలేదని తరువాత తెలిసినది. అట్టి యాత్ర ఎవరికి విశ్రాంతి?

గత మాఘమాసమున మేము తొమ్మిదిమంది స్త్రీలము నార్కట్‌పల్లినుండి చిన్న వ్యానులో ఆ దారినే మరల బయలుదేరితిమి. త్రోవ చూపుటకు చరిత్ర బోధించి విశ్రాంతి పొందిన ఒక ఉపాధ్యాయిని వచ్చినది. కందూరు చోడుల కాలపు ఆ త్రికూటాలయమున ఆమె మమ్ము తొందరపెట్టలేదు. గర్భగుడిలో పగలంతయు కదలక నిలుచు నీడను చూపి, అది ఏ ఒక్క స్తంభపు నీడయు కాదనియు, పలు దిక్కులనుండి లోనికి వచ్చు వెలుతురును మండపస్తంభములు అడ్డగించుటచే ఏర్పడుననియు విడమరచి చెప్పినది. మునుపు వింత యనుకొని వెడలివచ్చితిమి. ఈసారి శిల్పి తెలివికి చేతులు జోడించితిమి.

ఆ రాత్రి నాగార్జునసాగరమున బస. మరునాడు లాంచీలో నాగార్జునకొండకు పోతిమి. ఓడముచ్చట అచటనే తీరినది! క్రీస్తుశకము మూడు, నాలుగు శతాబ్దులలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఆ లోయలో నుండెను. 1955 డిసెంబరు 10వ తేదీని ఆనకట్టకు పునాది పడినది. లోయ మునుగుటకు ముందు, 1954 మొదలు 1960 వరకు త్రవ్వకములు జరిపి, దొరికిన శిల్పములను, కొన్ని కట్టడములను కొండమీదికిని అనుపునకును తరలించిరి.

ఆ శిల్పముల నడుమ నిలిచి మా ఉపాధ్యాయిని ఇద్దరు స్త్రీల కథ చెప్పినది. చాంతమూల మహారాజు వైదిక యజ్ఞములు చేసినవాడు; ఆయన సోదరి చాంతిశ్రీ బౌద్ధుల మహాచైత్యమునకు దాత. ఆమె వీరపురుషదత్తునకు మేనత్త, అత్తగారు కూడ. ఇక బోధిశ్రీ రాణి కాదు, ఒక ఉపాసిక. సింహళ భిక్షువులకు చైత్యగృహము కట్టించి, ఆ పుణ్యమును పుట్టినింటివారికిని మెట్టినింటివారికిని పంచుచు శాసనము వ్రాయించినది. ఇది విని మాలో ఒకామె, "అన్నది ఒక దారి, చెల్లెలిది ఒక దారి. ఆమె సొమ్ము ఆమె చేతిలోనే యుండెనా?" అని యడిగినది. ఆ ప్రశ్నపై తిరుగుదారి యంతయు మాటలే. నలువదిమంది బస్సులో ఆ ప్రశ్న పుట్టియుండదు, పుట్టినను వినువారుండరు.

బృందముగా నేలదారి పట్టుట మనకు క్రొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణమున బయలుదేరి, పరివారముతో హైదరాబాదు మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చిరి. మనకు అన్ని నెలలు అక్కరలేదు. రెండు దినములు చాలును.

అయితే సొమ్ము కట్టుటకు ముందు నిర్వాహకుని కొన్ని సంగతులు అడిగి తీరవలెను. ఎందరు వచ్చుచున్నారు? పండ్రెండుగురకు మించిన గైడు మాట వెనుకవారికి వినబడదు. త్రోవ చూపువారు ఆ సీమ ఎరిగినవారా? ఎక్కవలసిన మెట్లెన్ని? ఎన్ని గంటలకొకసారి ఆగుదురు, అచట శుభ్రమైన మరుగుదొడ్డి కలదా? రాత్రి ప్రయాణము కలదా? లాంచీ నడువని దినమున ఏమి చూపుదురు? లాంచీ, ప్రదర్శనశాల ప్రవేశములు కట్టిన సొమ్ములోనివేనా? ఈ ఉత్తరములను కాగితముమీద వ్రాయించుకొనుడు. నోటిమాట త్రోవలో మారును. మందుల సంచిని మాత్రము పెట్టెలో వేయక చేతనే ఉంచుకొనుడు.

వదినెగారు అంతయు విని కొంతసేపు ఊరకుండి, "నలువదియేండ్లలో ఎక్కడికి పోదువని నన్ను అడిగినవారు లేరు. వారు పోవుచోటికి నేనును పోవుచుంటిని" అనిరి. ఆ రాత్రియే కుమారునకు ఫోను చేసి, ఓడ సొమ్ములో నాలుగవవంతు పంపిన చాలునని చెప్పిరట. అన్నయ్యయు వచ్చుచున్నాడు, ఇరుగుపొరుగున మరి ముగ్గురు పేరిచ్చిరి. నిన్న నిర్వాహకుడు వచ్చినపుడు వదినెగారు అడిగిన మొదటి ప్రశ్న మెట్లను గూర్చి. రెండవది, చాంతిశ్రీ కథ చెప్పగలవారు వెంట వత్తురా యని.