జీపుకి హారతి, ట్రైలర్‌కి తుక్కుకొట్టు

పాతకాలపు వాహనాల ర్యాలీ ఎక్కడ జరిగినా రెండో ప్రపంచ యుద్ధం నాటి జీపు చుట్టూ జనం మూగుతారు. పిల్లల్ని బానెట్ మీద కూచోబెట్టి ఫొటోలు తీస్తారు. ముఖ్య అతిథి గారు స్టీరింగ్ పట్టుకుని నవ్వుతారు. ఆ జీపు వెనక ఒక బలమైన కొక్కెం ఉంటుంది. అది ఎందుకుందని అడిగేవాడు మాత్రం కనపడడు. అక్కడ తగిలించాల్సిన ట్రైలర్ ఏమైంది? ఏ దొడ్లోనో కుడితి తొట్టి అయింది. ఏ షెడ్డు వెనకో చెత్త మోసి మోసి చిల్లులు పడింది. చివరికి కాటా ఎక్కి, కిలోల లెక్కన తుక్కుకొట్టుకి పోయింది. జీపుకి హారతి పట్టి, దాని వెనకే యుద్ధమంతా నడిచిన బండిని తుక్కుకి తోలిన మన రసికతని ఏమని మెచ్చుకోవాలి?

ఈ పాపం కొంతైనా కడుగుదామని అక్కడొకరు, ఇక్కడొకరు పూనుకున్నారు. సొంత డబ్బుతో, సెలవు రోజుల్లో, ఇంట్లోవాళ్ల విసుగు భరిస్తూ ఆ పాత ట్రైలర్లను వెతికి తెచ్చి, తుప్పు గీకి, మళ్లీ నిలబెడుతున్నారు. వాళ్లకి మనం పెట్టిన పేరు పిచ్చోళ్లు. పాత కారుకి లక్షలు పోసిన పెద్దమనిషి అభిరుచి ఉన్నవాడట! ఇంజన్ లేని రెండు చక్రాల ఇనుప తొట్టిని బాగుచేసినవాడికి పనీపాటా లేదట! ఇదెక్కడి లెక్క?

ఆ తొట్టి పుట్టుకలోనే ఒక అన్యాయం ఉంది. 1940లో అమెరికా సైన్యం తేలికపాటి బండి ఒకటి కావాలని 135 కంపెనీలను అడిగితే, పెన్సిల్వేనియాలోని బట్లర్ అనే చిన్న ఊరి నుంచి, దివాలా అంచున ఉన్న అమెరికన్ బాంటమ్ అనే కంపెనీ ముందుకొచ్చింది. కార్ల్ ప్రోబ్‌స్ట్ అనే ఇంజనీరు రెండు రోజుల్లో నక్షాలు గీశాడు. సెప్టెంబర్ 23న గడువు ముగియడానికి కాసేపటి ముందు మొదటి బండి మేరీలాండ్‌లోని హోలాబర్డ్ సైనిక శిబిరం గేటు దాటింది. తర్వాత లోకమంతా జీపు అన్నది దాని సంతానాన్నే. మరి బాంటమ్‌కి దక్కిందేమిటి? చిన్న కంపెనీ, ఇన్ని బండ్లు చేయలేదంటూ దాని నక్షాలను సైన్యం విల్లీస్, ఫోర్డ్ కంపెనీలకు చూపించింది. ఆ రెండూ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. బాంటమ్ చేసినవి మూడు వేలు కూడా దాటలేదు. దున్ని, విత్తి, నీరు పెట్టినవాడికి గడ్డి మిగిల్చి, గింజలు పొరుగువాడు ఎత్తుకుపోయినట్టయింది. ఆ మిగిలిన గడ్డే ఈ ట్రైలర్. దాన్ని చేసుకో పొమ్మన్నారు.

చేసింది. ఎంత శ్రద్ధగా చేసిందో చూడండి. పావు టన్ను బరువు మోసే ఆ బండికి జీపు చక్రాలే వేశారు, దారిలో టైరు పోతే దీనిది దానికి, దానిది దీనికి పనికొచ్చేలా. చక్రాల మధ్య దూరం కూడా జీపుదే. ముందు బండి తొక్కిన గాడిలోనే వెనకది నడుస్తుంది, బురదలో కొత్త దారి తవ్వుకోనక్కర్లేదు. వాగు అడ్డమొస్తే ఆ తొట్టి నీళ్ల మీద తేలుతుంది! లోపలికి చేరిన నీరు వదిలెయ్యడానికి అడుగు రేకులో బిరడాలు పెట్టారు. జీపు విప్పేస్తే బండి ముందుకి ఒరగకుండా ఒక ఉక్కు కాలు కిందికి దిగుతుంది. వాలులో జారకుండా హ్యాండ్‌బ్రేకు. పైన కాన్వాసు గుడ్డ, దాన్ని బిగించడానికి చుట్టూ కొక్కేలు. రెండు క్వింటాళ్లకు పైగా సరుకు ఎత్తుకుని కొండా కోనా దాటే ఈ బండిని బాంటమ్, విల్లీస్ కలిసి లక్షకు పైగా తయారుచేశాయి. ఇందులో ఒక్క పట్టీ అయినా అదనంగా ఉందని ఎవరైనా చూపించగలరా?

తూటాలు, తిండి, పెట్రోలు డబ్బాలు, వైర్లెస్ సెట్లు, బ్యాండేజీలు ముందుకి చేరకపోతే ఏ సేనాపతీ గెలవడు. అయినా విగ్రహాలు సేనాపతులకే లేచాయి. 1944లో ఇంఫాల్, కొహిమా కొండల్లో జీపులు ఎక్కగలిగినంత దూరం జీపులూ ట్రైలర్లూ మోశాయి, ఆపైన కంచర గాడిదలు మోశాయి, గాడిదలు కూడా ఆగినచోట నాగా కూలీలు వీపుల మీద మోశారు. ఈ ముగ్గురిలో ఎవరి పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఉంది? ఆ యుద్ధం మనది కాదని తేలిగ్గా తీసిపారేసేవారు ఒక్కసారి పశ్చిమ గోదావరిలోని మాధవరం వెళ్లాలి. రెండు ప్రపంచ యుద్ధాలకీ కొడుకులను పంపి మిలటరీ మాధవరం అనిపించుకున్న ఊరది. మద్రాస్ సాపర్స్ దళంలో వంతెనలు కట్టి, దారులు వేసినవారిలో తెలుగువాళ్లున్నారు. ఎక్కడో దూరాన మన తాతలు తిన్న రొట్టె, పేల్చిన తూటా ఇలాంటి బండ్ల మీదే కదా వాళ్లను చేరింది!

ఇప్పుడు ఆ పిచ్చోళ్ల షెడ్డులోకి రండి. దొరికినప్పుడు ట్రైలర్ ఎలా ఉంటుందంటే, ఉక్కు కాలు ఎప్పుడో కోసేసి ఉంటుంది. ముందున్న గుండ్రటి ఇనుప కడియం తీసేసి ట్రాక్టర్‌కి పనికొచ్చే ముక్క వెల్డింగ్ చేసి ఉంటారు. బిరడాలు తుప్పుతో ఒకటైపోయి కదలవు. అడుగు రేకు వేలు పెడితే దిగిపోతుంది. మొత్తం కోసి కొత్త రేకు వేసేస్తే ఒక్క రోజు పని. కానీ అసలు మనిషి అలా చేయడు. బాగున్న రేకు అంగుళం కూడా పోకుండా, పాడైనంత మేరకే కోసి, అదే మందం రేకు అతికి, అతుకు కనపడకుండా సుత్తితో సాపు చేస్తాడు. కమాన్ పట్టీలు విప్పి, ఒక్కొక్కటీ తోమి, గ్రీజు పెట్టి, పాత వరసలోనే మళ్లీ బిగిస్తాడు. ఇక రంగు సంగతి. పైన ఏ మేస్త్రీయో పూసిన నీలం, దాని కింద పసుపు, దాని కింద ఎర్ర ప్రైమరు. ఉప్పుకాగితం నీళ్లలో ముంచి గుండ్రంగా, మెల్లిగా తిప్పుతూ ఒక్కో పొరా దింపుతుంటే అడుగున ముదురు ఆకుపచ్చ తేలుతుంది. ఆ ఆకుపచ్చలో, అదృష్టం బాగుంటే, స్టెన్సిల్‌తో వేసిన సైన్యం నంబరులో సగం అంకెలు. అక్కడ చేయి ఆగిపోతుంది. అవి చెరిగిపోకుండా ముందు పలచటి కాగితం పరిచి అచ్చు తీసుకుంటాడు, ఆ తర్వాతే ముందుకి కదులుతాడు. పరిశోధన అంటే ఇది కాదా? విశ్వవిద్యాలయం గోడల మధ్య చేస్తేనే పట్టా ఇస్తారా?

ఈ పనికి కావలసిన చేతులు మన దగ్గర లేవా అంటే, విజయవాడ ఆటోనగర్‌లో ఒక పూట తిరిగి రండి. నలిగిన రేకుని అచ్చు లేకుండా కంటి కొలతతో మునుపటి వంపుకి తెచ్చే టింకరింగ్ మేస్త్రీలు ఇంకా ఉన్నారు. వాళ్ల కొడుకులు ఆ సుత్తి పట్టడం లేదు. పట్టమని అడిగే మొహం మనకి లేదు కూడా. ఆ విద్యకి మనమిచ్చిన గౌరవం అంతంత మాత్రమే. అదే అక్కడ, బాంటమ్ సొంత ఊరు బట్లర్ తన పాత అవమానాన్ని మరిచిపోకుండా 2011 నుంచి బాంటమ్ పేరు మీద జీపుల పండుగ చేసుకుంటోంది. మనకి ఒకప్పటి అహ్మద్‌నగర్, ఇప్పటి అహిల్యానగర్‌లో ట్యాంకుల మ్యూజియం ఉంది, విశాఖ బీచ్‌లో కుర్సుర జలాంతర్గామి ఉంది, ఎదురుగా టీయూ-142 విమానం ఉంది. ఉండాలి, గర్వపడాలి. మరి సైనికులకి తిండీ తూటా మోసిన బండికి రెండు గజాల నేల ఇస్తే ఏ గద్దె తరిగిపోతుంది?

రవాణా శాఖ పెద్దలను ఒక మాట అడగాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనమే. ఇంజన్ లేదని ఆ చట్టం దాన్ని వదిలిపెట్టలేదు. కానీ 2021 జూలైలో కేంద్రం పాతకాలపు వాహనాలకంటూ ప్రత్యేక నిబంధనలు తెచ్చి, యాభై ఏళ్లు దాటిన మోటారు సైకిళ్లకీ సొంత కార్లకీ ‘వీఏ’ అక్షరాల నంబరు, పదేళ్ల రిజిస్ట్రేషన్ ఇచ్చినప్పుడు ట్రైలర్ గుర్తు రాలేదు. జీపుకి 20,000 రూపాయలు కడితే వారసత్వ హోదా వస్తుంది. దాని జతకి కట్టడానికి డబ్బు సిద్ధంగా ఉన్నా కట్టించుకునే గడి లేదు! బాధ్యతలు మోపేటప్పుడు వాహనం, గౌరవం ఇచ్చేటప్పుడు ఇనుప తొట్టి. ఒక మిత్రుడు దరఖాస్తు పట్టుకుని ఒక కార్యాలయానికి వెళితే ఇంజన్ నంబరు గడి నింపలేదని తిప్పి పంపారు. నవ్వాలో ఏడవాలో తెలియక అతను ఇంటికొచ్చి బండి మీద టార్పాలిన్ కప్పేశాడు. రోడ్డెక్కడానికి అన్నీ సిద్ధమైన ఆ బండి ఎక్కడికీ కదలదు.

అంతకన్నా దారుణం ఇంకొకటి. పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలను 2023 ఏప్రిల్ 1 నుంచి తుక్కుకి పంపాలన్నారు. పొగ చిమ్మే ముసలి బస్సుల విషయంలో మంచిదే. అయితే ఇంజనే లేని ట్రైలర్ ఏ గాలిని పాడుచేసింది? ప్రభుత్వ యార్డుల్లో ముళ్లకంపల మధ్య పడున్న పాత సామాను కుప్పలను కుప్పలుగానే వేలం వేస్తారు. ఆ కుప్పలో బాంటమ్ చేతి పని ఒకటి ఉంటే గుర్తుపట్టగలవారు ఆ సంతకాలు చేసే గదిలో ఎవరున్నారు? కరిగిస్తే వచ్చేది ఇనుము ధర. ఆ ధరకి ఎనభై ఏళ్ల చరిత్రను అమ్మే అధికారం మీకెవరిచ్చారు?

కోట్లు అడగడం లేదు. వింటేజ్ నిబంధనల్లో ట్రైలర్ అనే మాట చేర్చండి. దరఖాస్తులో ఇంజన్ గడి ఖాళీగా ఉంటే తప్పు పట్టకండి. యార్డులో ఏ పాత ట్రైలర్‌నైనా వేలానికి పెట్టేముందు ఆ పిచ్చోళ్లలో ఒకణ్ణి పిలిచి చూపించండి. దారి ఖర్చు కూడా అడగడు, సొంత ఉప్పుకాగితం తెచ్చుకుంటాడు. యార్డు తాళాలు మీ దగ్గరే ఉన్నాయి. ఈసారి వేలం జాబితా మీద సంతకం పెట్టేముందు ఒక్క గంట ఆ గేటు తెరవండి.