ఈ వారం మీ ఇంట్లో ఏం వింటున్నారు?

పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల గురించి అడుగుతారు. నేను ఇంకోటి అడుగుతాను: ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మీ పిల్లలు ఏం వింటున్నారో తెలుసా? మీరు వినేది వాళ్ళకి తెలుసా?

మా తాతగారు మందస వైపు పెళ్ళిళ్ళకు మైకుసెట్ కట్టేవారు. ఆయన రికార్డుల పెట్టె 2018 అక్టోబరు తిత్లీ తుఫానులో తడిసిపోయింది. అట్టలు కుళ్ళాయి, లేబుళ్ళు ఊడాయి. రికార్డులు మాత్రం కడిగితే పలికాయి! ఏది ఏదో తెలియాలంటే ముల్లు పెట్టి వినాల్సిందే. ఘంటసాల భగవద్గీత అలాగే దొరికింది. ‘శంకరాభరణం’ పలకగానే నాన్నగారు తాతగారి కబుర్లు మొదలుపెట్టారు. అంతకుముందు ఎప్పుడూ చెప్పనివి.

నా వంతుగా మైల్స్ డేవిస్ 1959 నాటి జాజ్ రికార్డు ‘కైండ్ ఆఫ్ బ్లూ’ వేశాను. నాన్నగారు చాలాసేపు ఓపిక పట్టి, “పాటెప్పుడొస్తాదమ్మా?” అన్నారు. ఇందులో పాట ఉండదు, ట్రంపెట్టే పాడుతుందన్నాను. “మన సన్నాయిలాగన్నమాట” అని రెండోవైపూ వేయమన్నారు.

దీనికి రికార్డు ప్లేయరే కొననక్కర్లేదు (నా జీతానికీ అది బరువే). వారానికోసారి ఇయర్‌ఫోన్స్ తీయించి, ఫోన్ స్పీకర్‌లో మీ పాట ఒకటి, వాళ్ళది ఒకటి పెట్టండి. నచ్చకపోయినా మధ్యలో ఆపకండి. పాటల పేర్లు డైరీలో రాసి పంపితే చదువుతాను. మార్కులు మాత్రం వేయను.