‘కోటింగ్ ఉన్న తుంటి’ అందరికీ మంచిదేనా?

సూళ్లూరుపేట, తడ ప్రాంతాల వారికి పులికాట్ గుల్లల గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. వాటిని కాల్చి సున్నం చేయడం పాత పనే. గుల్లలో ఉండేది కాల్షియం కార్బొనేట్. మన ఎముకకు గట్టిదనం ఇచ్చేదీ కాల్షియం ఖనిజమే. కాకపోతే ఫాస్ఫేట్‌తో కలిసి ఉంటుంది. దానికి దగ్గరి రూపమే హైడ్రాక్సీఅపటైట్. పగడాన్ని వేడి, పీడనాల మధ్య ఈ ఖనిజంగా మార్చవచ్చని 1974లోనే శాస్త్రవేత్తలు చూపించారు. గుల్లల నుంచి తీసే ప్రయోగాలూ జరిగాయి. తుంటి ఆపరేషన్ కోసం ఆసుపత్రికి వెళ్లినప్పుడు మీకు వినపడే ‘హెచ్ఏ కోటింగ్’ ఇదే.

ఇంట్లో నాన్నమ్మ బాత్రూంలో జారిపడి తుంటి విరిగిందనుకోండి. తిరుపతికో, నెల్లూరుకో, చెన్నైకో తీసుకెళతారు. సిమెంటు పెట్టి బిగించేది ఒకటుంది, సిమెంటు లేకుండా ఎముకే పట్టుకునే కోటింగ్ రకం ఇంకొకటుంది అంటారు. రెండోది కొత్తది, ఖరీదైనది అని తెలియగానే పిల్లలకు దానివైపే మనసు పోతుంది. అమ్మ విషయంలో డబ్బు చూసుకోకూడదు కదా అనుకుంటారు. ఆ పూత ఏం చేస్తుందో తెలిస్తే అక్కడ తొందరపడరు.

లోహాన్ని మన ఒళ్లు పరాయి వస్తువుగానే చూస్తుంది. టైటానియం కొంత నయం, దాన్ని ఎముక బాగానే ఒప్పుకుంటుంది. దానిమీద హైడ్రాక్సీఅపటైట్ పూత ఉంటే ఆ పని ఇంకా త్వరగా జరుగుతుంది. ఇంప్లాంటును తొడ ఎముక గొట్టంలోకి దించగానే రక్తంలోని ప్రొటీన్లు పూతకు అంటుకుంటాయి. పూత కొద్దికొద్దిగా కరిగి కాల్షియం, ఫాస్ఫేట్ వదులుతుంది. దాంతో ఉపరితలంమీద ఎముక ఖనిజంలాంటి పలుచని పొర ఏర్పడుతుంది. ఎముకను కట్టే కణాలు, అంటే ఆస్టియోబ్లాస్టులు, అక్కడ నిలదొక్కుకుని కొల్లాజెన్ అల్లి ఖనిజాన్ని నింపుతాయి. కొన్ని వారాల నుంచి నెలల్లో లోహానికీ ఎముకకూ మధ్య సందు లేకుండా కొత్త ఎముక నిండుతుంది. సిమెంటుతో ఇలా జరగదు. అది ఇల్లు కట్టే సిమెంటు కాదు, ఒకరకం యాక్రిలిక్. ఖాళీని నింపి, ఎముక గరుకులో దిగి గట్టిపడి పట్టుకుంటుంది, అంతే.

ఈ పూతను ఎక్కువగా ప్లాస్మా స్ప్రే పద్ధతిలో వేస్తారు. జెట్ ఇంజిన్ రెక్కలకు సిరామిక్ పొర వేసే పద్ధతే ఇదీ. పూత మందం సాధారణంగా 50 నుంచి 200 మైక్రాన్లు. మన తలవెంట్రుక మందం ఆ లెక్కలోనే ఉంటుంది. మరీ మందమైతే పెళుసుగా ఊడుతుంది, మరీ పలుచనైతే ఎముక పట్టుకునేలోపే కరిగిపోతుంది. బ్రిటన్ సర్జన్ రొనాల్డ్ ఫర్లాంగ్ 1985లో ఇలాంటి తుంటిని రోగికి అమర్చారు. కాబట్టి ఇది ‘లేటెస్ట్’ అని ఎవరైనా చెబితే నవ్వుకోవచ్చు.

అసలు మెలిక వేరే ఉంది. ఎముక కణాలు పని పూర్తిచేసేదాకా ఇంప్లాంటు కదలకూడదు. కదలిక సుమారు 150 మైక్రాన్లు దాటితే అక్కడ ఎముకకు బదులు మెత్తటి పీచు కణజాలం పెరుగుతుంది. అందుకే సిమెంటు లేని కాడను ఎముకలోకి బిగుతుగా దిగగొడతారు. గట్టి ఎముక ఆ దెబ్బను తట్టుకుంటుంది. డెబ్బై ఐదేళ్ల నాన్నమ్మ గుల్లబారిన ఎముక తట్టుకోకపోవచ్చు. ఆపరేషన్ బల్లమీదో, ఆ తర్వాత నెలల్లోనో ఇంప్లాంటు చుట్టూ చీలవచ్చు.

ఇది ఊహ కాదు. 2022లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో బ్రిటన్ అధ్యయనం ఒకటి వచ్చింది. తుంటి విరిగి సగం కీలు మార్పిడి అవసరమైన, 60 ఏళ్లు దాటిన 1,225 మందిని రెండు వర్గాలు చేశారు. ఇంప్లాంటు చుట్టూ ఎముక విరగడం సిమెంటు వర్గంలో 0.5 శాతం మందిలో, హైడ్రాక్సీఅపటైట్ పూత వర్గంలో 2.1 శాతం మందిలో కనిపించింది. నాలుగు నెలల తర్వాత జీవన నాణ్యతా సిమెంటు వారిలోనే కొంచెం మెరుగు. సిమెంటుకూ తన చిక్కు ఉంది. దాన్ని నింపే క్షణంలో కొందరికి బీపీ పడిపోతుంది, గుండె జబ్బున్నవారిలో మత్తు డాక్టరు ముందే జాగ్రత్తపడాలి. అయినా విరిగిన పెద్దవయసు తుంటికి సిమెంటునే ముందు అడగమంటాను.

నలభై ఏళ్లవారి కథ వేరు. రక్తప్రసరణ ఆగి తుంటి బంతి కుంగిపోయిన యువకుడికి ఎముక గట్టిది, ముందున్నది దశాబ్దాల నడక. పూత ఉన్న కాడకు అక్కడ అర్థం ఉంది. మోకీళ్ల మార్పిడి అయితే ఎక్కువగా సిమెంటుతోనే చేస్తారు, కోటింగ్ మాట అక్కడ పెద్దగా రాదు.

ఇక ధర. 2017 ఆగస్టులో జాతీయ ఔషధ ధరల సంస్థ మోకీలు ఇంప్లాంట్లకు పరిమితి పెట్టింది. అప్పట్లో మామూలు కోబాల్ట్ క్రోమియం మోకీలుకు రూ.54,720, టైటానియం వంటి ప్రత్యేక లోహాలవాటికి రూ.76,600, జీఎస్టీ అదనం. ఆ ఉత్తర్వు తుంటికి వర్తించదు. కాబట్టి తుంటి విషయంలో ‘కోటింగ్’ అనే ఒక్క మాటకు బిల్లులో ఎంత పెరుగుతోందో మీరే అడగాలి. తిరుపతిలో టీటీడీ నడిపే బర్డ్ ఆసుపత్రి ఎముకల శస్త్రచికిత్సలకు పేరున్నదే. అక్కడా ఒకసారి అడిగి చూస్తే పోల్చుకోవడానికి వీలవుతుంది.

సర్జన్‌ను అడగాల్సింది ‘ఏది మంచిది’ అని కాదు. ‘ఈమె ఎక్స్‌రే చూస్తే ఎముక ఎంత గట్టిగా ఉంది, దీనికి సిమెంటు లేని కాడ ఎందుకు’ అని అడగండి. ఆపరేషన్ అయ్యాక ఇంప్లాంటు పెట్టె మీది స్టిక్కరు ఇమ్మనండి. కంపెనీ పేరు, సైజు, బ్యాచ్ నంబరు అందులోనే ఉంటాయి. 2010లో డీప్యూ కంపెనీ ఏఎస్ఆర్ తుంటిని ప్రపంచమంతా వెనక్కి పిలిచినప్పుడు, తమకు పెట్టింది అదో కాదో తేల్చుకోవడానికి రోగులకు కావలసింది ఈ వివరాలే. దాన్ని డిశ్చార్జ్ కాగితాలకు పిన్ను కొట్టి, ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి.